వందకు వంద వద్దన్న టీచర్

హారతి టీచర్ మొండి మనిషని సూరత్ పర్వత్ పాటియాలో ఉన్న మన తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఒక మాట పట్టుకుందంటే ఉడుంపట్టే. అయినా, వందకు వంద వచ్చిన కాగితాన్ని తన చేత్తో తనే పక్కన పారేసేంత మొండిదని రెండువేల ఇరవై ఒకటి ఎండాకాలం దాకా ఎవరికీ తెలియదు. కట్టుకున్న మొగుడు రవీంద్రకే తెలియదు, ఇక ఊళ్ళోవాళ్ళ సంగతి చెప్పాలా.

ఆమె తండ్రి ఆగయ్య పద్దెనిమిదో ఏట సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి ఉధ్నాలో ఒక కార్ఖానాలో మగ్గాల ముందు నిలబడ్డాడు. నలభై ఏళ్ళయింది, ఇంకా నిలబడే ఉన్నాడు. హారతి ఇక్కడే పుట్టింది. ఆమె చదివిన తెలుగు బడిలో ఏడో తరగతి దాకానే ఉండేది. ఎనిమిదికి హిందీ బడిలో వేశారు. ఏడాది పొడుగునా వెనక బెంచీలో కూర్చుంది. సారు పాఠం చెప్పి ‘సమఝ్ గయే?’, అర్థమైందా అని అడిగినప్పుడల్లా అందరితోపాటు తనూ తలూపింది. ఏడాది చివర తప్పింది. తలూపినందుకు మార్కులు ఎవరేస్తారు?

ఇంకో పిల్లయితే చదువుకు ఓ దండం పెట్టి చీరలకు రాళ్ళంటించే పనికి కూర్చునేది. ఈమె కూర్చోలేదు. ప్రైవేటుగా పది కట్టింది, ఇంటర్ కట్టింది, పెళ్ళయ్యాక బీఏ, ఆ తరవాత బీఎడ్. చివరికి ఒక తెలుగు బడిలోనే నాలుగో తరగతికి టీచరైంది. అక్కడితో ఆగొచ్చు కదా, ఆగలేదు. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయంలో దూరవిద్యలో ఎమ్మే చేరింది. ఆ చదువు పేరు విద్యా సాంకేతిక శాస్త్రం.

ఆ పేరు విని గల్లీవాళ్ళు ఆమెను కంప్యూటర్లు బాగుచేసే మనిషి కింద జమకట్టారు. ఒకాయన పాడైపోయిన ఫోను పట్టుకొచ్చి జర చూడమన్నాడు కూడా. హారతి నవ్వలేదు, కోప్పడలేదు, ఓపిగ్గా చెప్పింది. ఒక సంగతి మనిషి తలకు ఎట్లా ఎక్కుతుంది, ఎక్కాలంటే పాఠాన్ని ఎట్లా కట్టాలి, చివరికి ఎక్కిందో లేదో ఎట్లా కనిపెట్టాలి, ఇదీ ఆ చదువు. ఆయన అంతా విని, ‘అయితే ఫోను కాదంటవ్’ అని లేచి వెళ్ళిపోయాడు.

రెండేళ్ళ చదువు అది. నాలుగేళ్ళలోపు పూర్తి చేయకపోతే పేరు కొట్టేస్తారని నిబంధన. చేరిన ఏడాదే హారతికి కూతురు పుట్టింది, మరుసటేడు తల్లి మంచాన పడి కన్నుమూసింది. అట్లా రెండేళ్ళు పోయాయి. పరీక్షలన్నీ గట్టెక్కాయి, ప్రాజెక్టు ఒక్కటే మిగిలింది. ఒక పాఠాల వరస తయారుచేసి, పిల్లల మీద నడిపి చూసి, ఏం జరిగిందో రాసి ఇవ్వాలి. గడువు రెండువేల ఇరవై ఒకటి జూలై ఆఖరు. ఆ రోజు దాటితే రాసిన పరీక్షలన్నీ గంగలో కలిసినట్టే.

సరిగ్గా అప్పుడే కరోనా వచ్చి పడింది. బడికి తాళం. కార్ఖానాలకు తాళం. పుట్టినప్పటి నుంచి మగ్గాల చప్పుడు లేని గంట ఎరగని హారతికి ఆ నిశ్శబ్దం భయం పుట్టించింది. గల్లీలో సగంమంది ఇళ్ళు ఖాళీ చేసి ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఆమె తరగతిలో ఇరవై ఆరుమంది పిల్లలు. కొందరు ఉధ్నాలో, కొందరు సూరత్ శివారు ఉన్‌లో, కొందరు అమ్మమ్మల ఊళ్ళలో చెల్లాచెదురైపోయారు. అయితే ఇంటికొక ఫోను మాత్రం ఉంది. ఆ ఫోన్ల మీదనే తన ప్రాజెక్టు నడపాలని హారతి నిశ్చయించుకుంది.

భిన్నాల పాఠం ఎంచుకుంది. సగం, పావు, మూడో వంతు, ఐదింట రెండు, అవన్నమాట. ఏటా పిల్లలు కాళ్ళు విరగ్గొట్టుకునేది అక్కడే. వాట్సాపులో పన్నెండు పాఠాలు. ఒక్కో పాఠంలో మూడు నిమిషాల గొంతు, రెండు ఫొటోలు, ఇంట్లో దొరికే వస్తువుతో చేసే ఒక చిన్న పని. మొదట్లో నిశ్శబ్దం ఉంది గనక రికార్డింగు సులువుగా అయ్యింది. మగ్గాలు మళ్ళీ మొదలయ్యాక దుప్పటి నిండా కప్పుకుని, చెమటలు కారుతుంటే లోపల కూర్చుని మాట్లాడేది. కూతురు దుప్పటి లాగి ‘అమ్మా, దాక్కున్నావా’ అని అడిగితే మళ్ళీ మొదటికి. రెండో విడత కరోనాలో తనకే జ్వరం వచ్చి రెండు వారాలు వేరే గదిలో పడుకున్నప్పుడు కూడా తొమ్మిదో పాఠం ఆపలేదు. వింటే ఇప్పటికీ అందులో దగ్గు వినపడుతుంది.

పన్నెండు పాఠాలయ్యాక అందరికీ ఒక ప్రశ్నాపత్రం పంపింది. ఒక్కో పాఠం పేరు, ఎదురుగా ‘సమజైందా?’ అని ప్రశ్న. మే నెల మధ్యకల్లా ఇరవై ఆరు ఇళ్ళ నుంచీ జవాబులొచ్చాయి. అన్నీ ఒకటే. సమజైంది టీచర్, సమజైంది టీచర్, కింద దండం బొమ్మ. ఒక్క ఇల్లు కూడా తప్పలేదు. వందకు వంద.

హైదరాబాదులో ఆమె ప్రాజెక్టు చూసే ప్రొఫెసరు భీమశంకరం గారు పొంగిపోయారు. కరోనా కాలంలో మిగతా విద్యార్థులు పిల్లలు దొరకలేదని, ఫోన్లు కలవలేదని ఏడుస్తుంటే ఈమె ఇంత పని చేసిందని మెచ్చుకున్నారు. చివరి పేజీ మీద సంతకం పెట్టి కూడా పంపేశారు. ఇక నివేదిక బైండింగు చేయించి పంపడమే తరువాయి. రవీంద్ర ఆ సాయంత్రం జిలేబీ తెచ్చాడు.

మర్నాడు ఆ జిలేబీలో కొంత పొట్లం కట్టుకుని కనకవ్వ ఇంటికి వెళ్ళింది హారతి. కనకవ్వ చీరలకు రాళ్ళంటించే పని చేస్తుంది. ఆమె మనవరాలు హరిణి ఈమె తరగతిలోనే చదువుతుంది. వెళ్ళేసరికి అవ్వ గడపలో కూర్చుని పుచ్చకాయ కోస్తోంది. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది? హారతి సరదాగా హరిణిని అడిగింది, ఈ కాయలో నీకు మూడో వంతు కావాలా, నాలుగో వంతు కావాలా అని.

ఆ పిల్ల ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నాలుగో వంతు అంది. ఎందుకే అంటే, ‘నాలుగు పెద్దది కద టీచర్’ అంది.

మూడో పాఠమంతా అదే! రొట్టె కోసి, ఫొటో తీసి, ముక్కలు ఎక్కువైతే ఒక్కో ముక్క చిన్నదవుతుందని దుప్పట్లో కూర్చుని చెప్పిందంతా అదే. ఆ పాఠానికి ఎదురుగా ఈ ఇంటి నుంచే సమజైంది అని జవాబొచ్చింది, ఒకటికి రెండు దండాలతో. మరి సమజ్ కాకపోతే అయిందని ఎందుకు పంపారని కనకవ్వను అడిగింది.

కనకవ్వకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. “గంత మంచిగ చెప్పినవ్. సమజ్ గాలే అంటే నీకు బాధైతది గద బిడ్డా,” అంది. ఆపైన ఇంకో మాట కూడా అంది. “సేటు అడిగినా, మాస్టర్ అడిగినా, సమజ్ గాలే అని ఎవలన్న అంటరా?”

ఎవరూ అనరు. హారతికి తెలియనిదా? ఈ గల్లీలో పుట్టి పెరిగిన మనిషి. ఇక్కడ సమజైంది అనేది జవాబు కాదు, మర్యాద. పెద్దవాళ్ళు మాట్లాడటం పూర్తి చేశారు, మేం విన్నాం, ఇక వెళ్ళొస్తాం అని దానర్థం. తన ఎనిమిదో తరగతిలో తనూ అదే మర్యాద చూపించి తప్పింది. అలాంటిది పెద్ద చదువు చదువుతూ, పోయిపోయి ఆ మాటనే పట్టుకుని ప్రశ్నాపత్రం కట్టింది. సిగ్గుతో ఆమెకు చెవులు వేడెక్కాయి. జిలేబీ పొట్లం అక్కడే పెట్టి ఇంటికొచ్చేసింది.

ఆ రోజే భీమశంకరం గారికి ఫోన్ చేసి, నివేదిక పంపనని, మళ్ళీ చేస్తానని చెప్పింది. ఆయన ముందు నవ్వారు, తరవాత నచ్చజెప్పారు. ప్రపంచమంతా ఇలాంటి ప్రశ్నాపత్రాలతోనే ప్రాజెక్టులు చేస్తున్నారని, పద్ధతి ప్రకారం చూస్తే వంక పెట్టడానికి లేదని అన్నారు. ఆమె వినకపోయేసరికి గొంతు పెంచారు. “చూడమ్మా, నోటి దగ్గరికొచ్చిన కూడు కాలదన్నుకోకు. గడువు దాటితే నేనే కాదు, ఆ బ్రహ్మదేవుడు కూడా ఏం చెయ్యలేడు,” అన్నారు.

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆయనకు సమజైంది అంటే సమజైందనే. ఆ మాట వెనక ఏముందో తెలిసింది హారతికొక్కదానికే. తెలియనట్టు నటించి ఎమ్మే పుచ్చుకుంటే అడిగేవాడెవడూ లేడు. రవీంద్ర కూడా తల పట్టుకున్నాడు. తప్పినవాళ్ళు మళ్ళీ రాస్తారు గానీ, వందకు వంద వచ్చి మళ్ళీ రాసేది నువ్వొక్కదానివే అన్నాడు. నిజమే, నేనొక్కదాన్నే అని ఆమె ఒప్పుకుంది. చేతిలో రెండున్నర నెలలున్నాయి.

పిల్లలు నిజంగా నేర్చుకున్నారో లేదో ఎట్లా తెలుసుకోవడం? అడిగితే సమజైంది అంటారు. లెక్కలిస్తే ఇంట్లో పెద్దవాళ్ళు చేసిపెడతారు. ఆమె వారం రోజులు పుస్తకాలు తిరగేసింది. తెలివైన మాటలు చాలా దొరికాయి గానీ పర్వత్ పాటియాకు సరిపోయేది దొరకలేదు.

దారి కార్ఖానాలో దొరికింది. ఒక మధ్యాహ్నం తండ్రికి అన్నం డబ్బా ఇవ్వడానికి ఉధ్నా వెళ్ళింది. ఆగయ్య ఎనిమిది మగ్గాల మధ్య తిరుగుతున్నాడు. ఆ కార్ఖానాలో అతనే మాస్టరు. అతను ఊఁ అంటే ఊఁ, కాదంటే కాదు. కొత్తవాళ్ళు అతని ముందు నోరు విప్పరు. ఆ చప్పుడులో ఉన్నట్టుండి, నేల ఊడ్చే మనిషి చీపురు ఎత్తి ఆగయ్య వైపు చూపించి ‘తార్!’ అని ఒక్క అరుపు అరిచాడు. తార్ అంటే మగ్గం మీది పోగు. ఆగయ్య చూసుకునే మగ్గంలో పోగు తెగింది, ఆయన గమనించలేదు. గబుక్కున మగ్గం ఆపి, ముడి వేసి, మళ్ళీ నడిపించాడు. ఊడ్చే మనిషి తన మానాన తను ఊడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. ఒకరి మొహం ఒకరు కూడా చూసుకోలేదు.

అంత మాస్టరువు, ఊడ్చేవాడు అందరి ముందూ అట్లా అరిస్తే నీకు చిన్నతనం కాలేదా అని అడిగింది హారతి. ఆగయ్యకు ముందు ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యాక అన్నాడు, “తార్ అంటే ఎదురు చెప్పుడు గాదు బిడ్డా. సేటు మగ్గమైనా తార్ తెగితే తార్ అంటరు. చూసి ఊకున్నోడే దొంగ.”

హారతి బయటికొచ్చి షేరింగ్ ఆటో ఎక్కింది. ఉధ్నా దాటకముందే కొత్త పద్ధతి ఆమె తలలో తయారైపోయింది. ఈ పిల్లలు టీచరుకు ఎదురు చెప్పరు. చంపినా చెప్పరు. కానీ తార్ అనమంటే? అది తప్పు పట్టడం కాదు, పోగు చూపించడం. మగ్గాల మధ్య పెరిగిన పిల్లకు అది పుట్టుకతో వచ్చిన హక్కు.

పాఠాలన్నీ మళ్ళీ కట్టింది. ఈసారి ప్రతి పాఠంలోనూ కావాలని ఒక తప్పు పెట్టింది. చీరను ఐదు మడతలు పెట్టి మూడింటికి రంగు పూసి, ఐదింట నాలుగు అని చెప్పింది. సగంలో సగం అంటే మళ్ళీ సగమే అంది. ఈ పాఠంలో ఒకచోట తార్ తెగింది, పట్టుకున్నవాళ్ళు తార్ అని చెప్పి, ఎక్కడ తెగిందో, ఎట్లా ముడెయ్యాలో గొంతుతో పంపండి అని సందేశం పెట్టింది.

ఒక రోజు గడిచింది. రెండు రోజులు గడిచాయి. జవాబులేమో వచ్చాయి. చాలా బాగా చెప్పారు టీచర్, సమజైంది టీచర్! హారతి ఫోను మంచం మీదికి విసిరి కొట్టింది. తరవాత వెళ్ళి పగలలేదు కదా అని చూసుకుంది.

మూడో రోజు ఆగయ్యను పట్టుకుని ఫోను ముందు కూర్చోబెట్టింది. ఆయన గొంతు సవరించుకుని, కార్ఖానాలో అరిచినట్టే అరిచాడు. “పిల్లలూ, నేను ఆగయ్య మాస్టర్ని. మీ టీచర్ నా బిడ్డ. ఆమె పాఠంల తార్ తెగింది. చూసి ఊకుంటే మంచిగుండదు.” అంతే. పెద్ద మనిషి సెలవిచ్చాడు.

గంట తిరక్కుండా మొదటి గొంతు వచ్చింది. అది హరిణిది. పరుగెత్తుకొచ్చినట్టు రొప్పుతూ తార్ అంది, ఒకసారి కాదు, మూడుసార్లు. ‘నాలుగు మడతలకు కాదు టీచర్ రంగు, మూడిటికే, నేను లెక్కపెట్టిన.’ వెనక నుంచి కనకవ్వ, టీచర్‌ను గట్ల అనద్దే అని గదమాయిస్తున్నది కూడా వినపడింది. హారతి ఆ గొంతును మళ్ళీ మళ్ళీ విన్నది. వింటూ వింటూ ఏడ్చింది.

ఇక మొదలైంది. గ్రూపులో ఒకరు తార్ అనగానే మిగతావాళ్ళూ తార్ తార్ అని వంత పాడుతున్నారని గమనించి, ఎవరికి వారు తన నంబరుకే పంపాలని మార్చింది. అయిదో పాఠానికల్లా పిల్లలు ఆమె పెట్టని తప్పులు కూడా పట్టుకున్నారు. ఒక పిల్ల పుస్తకంలోనే అచ్చుతప్పు పట్టింది. జూలై మూడో వారంలో ఒక్కొక్కరికి విడిగా ఫోన్ చేసి, కొత్త వాక్యాలు చదివి, ఏది తెగిందో ఏది తెగలేదో అడిగింది. పక్కనుంచి అందించేవాళ్ళు లేకుండా చూసుకుంది. కారణంతో సహా సరిగ్గా చెప్పినవాళ్ళు పదహారుమంది. ఇరవై ఆరుకు పదహారు.

భీమశంకరం గారు ఆ అంకెను రెండుసార్లు చూసుకున్నారు. పాత నివేదిక ఇంకా ఉందా అని అడిగారు. ఉంది, కొత్తదాంట్లో మొదటి అధ్యాయంగా పెట్టాను, నేను చేసిన తప్పు కింద అని చెప్పింది. ఆయన నిట్టూర్చి, పోతే మాత్రం నన్ను అనొద్దు అంటూ మళ్ళీ సంతకం పెట్టారు. గడువుకు రెండు రోజుల ముందు నివేదిక చేరింది.

సెప్టెంబరులో మౌఖిక పరీక్ష, ఫోనులోనే. బియ్యం డబ్బాకు ఫోను ఆనించి హారతి దాని ముందు కూర్చుంది. పరీక్ష చేయడానికి విశాఖపట్నం నుంచి ఒక మేడమ్ తెర మీదికి వచ్చారు. నివేదిక మొత్తం చదివే వచ్చారని రెండు ప్రశ్నల్లోనే తెలిసిపోయింది. మొదటి అధ్యాయం దగ్గర ఆగారు. ప్రొఫెసరు సంతకమైన వంద శాతం ఫలితాన్ని వదిలి, ఇంతకంటే తక్కువ ఫలితం కోసం డిగ్రీనే పణంగా పెట్టావేమిటని అడిగారు. తెర మీద ఇంకో గడిలో భీమశంకరం గారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

హారతి నీళ్ళు నమలలేదు. “ఆ వంద నాది కాదు మేడమ్, మా వాళ్ళ మర్యాద. ఈ పదహారు నాది,” అంది.

మరి మిగిలిన పదిమంది సంగతేమిటని ఆవిడ అడిగారు. కొంచెం గట్టిగానే అడిగారు. హారతి కాగితం చూడకుండా చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరి పేరు, ఎవరికి ఎక్కడ తెగిందో, ఎందుకు తెగిందో. ఒకరికి ముక్కలు సమానంగా ఉండాలన్న సంగతే అందలేదు. ఒకరికి పైఅంకె, కిందిఅంకె తారుమారవుతాయి. ఉన్‌లో ఉండే నీరజ ప్రతి వాక్యానికీ తార్ అంటుంది, సరైనదానికి కూడా, అంటే టీచరుకు తార్ ఇష్టమని అంటోంది తప్ప లెక్క చూడటం లేదు. ఆరో పేరు దగ్గర పరీక్షకు ఇచ్చిన సమయం అయిపోయింది. ఎవరూ ఆపలేదు. పది పేర్లూ పూర్తయ్యాక హారతి ఇంకొక్క మాటే అంది. ఆ వందలో ఈ పదిమంది కూడా ఉన్నారు మేడమ్ అంది.

మేడమ్ కాసేపు ఏదో రాసుకున్నారు. చాలమ్మా అన్నారు, అంతే. భీమశంకరం గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. ఆ సాయంత్రమే ఫోన్ చేసి, తెలుగు బళ్ళ టీచర్లకు ఈ పాఠం చెప్పడానికి వస్తావా అని అడిగారు. ఫలితం నెలరోజులకు వచ్చింది. ఉత్తీర్ణురాలు అని ఉంది. మార్కులు మరీ గొప్పగా ఏమీ లేవు, మధ్యరకంగా ఉన్నాయి. రవీంద్ర మళ్ళీ జిలేబీ తెచ్చాడు.

మర్నాడు పొద్దున్నే హారతి ఆటో ఎక్కి ఉన్ వెళ్ళింది. నీరజ వాళ్ళది ఒకే గది. తల్లి పనికి వెళ్ళింది, పిల్ల ఒక్కతే గుమ్మంలో కూర్చుని ఉంది. టీచరు స్వయంగా ఇంటికొచ్చేసరికి బిక్కచచ్చిపోయింది. హారతి దాని పక్కనే నేల మీద కూర్చుని, సంచీలోంచి రెండు రొట్టెలు తీసి, ఒకదాన్ని మూడు చేసి, ఇంకోదాన్ని నాలుగు చేసి, నిదానంగా అంతా మొదటి నుంచి చెప్పింది. చెప్పి ఊరుకుంది. ఏమీ అడగలేదు.

నీరజ ముక్కల వంక చూసింది, టీచరు వంక చూసింది. మళ్ళీ ముక్కల వంక చూసింది. తార్ అనబోయి మింగేసింది. పెదవులు రెండుసార్లు కదిలాక, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు మెల్లగా అంది.

“సమజ్ గాలే టీచర్.”

ఆ మాట కోసమే హారతి నాలుగేళ్ళు చదివింది. పిల్లను దగ్గరికి లాక్కుని, ఎక్కడ కాలేదో చూపించమంది.